జెర్రీ లాసన్: వీడియో గేమ్‌ను యంత్రం నుంచి వేరు చేసి చేతికందించిన ఇంజినీర్

1976 నవంబరులో అమెరికా దుకాణాల్లోకి పసుపుపచ్చని ప్లాస్టిక్ డబ్బీలు కొన్ని వచ్చాయి. ఆనాటి కార్లలో పాటలు వినేందుకు వాడే 8-ట్రాక్ టేపుల్లా కనిపించే ఆ డబ్బీల్లో టేపు లేదు, తిరిగే చక్రాలు లేవు. ఉన్నదల్లా చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద ఆటను నిక్షిప్తం చేసిన చిప్పు. డబ్బీని యంత్రంలోకి తోస్తే టీవీ తెర మీద ఒక ఆట మొదలయ్యేది. దాన్ని తీసి మరొకటి పెడితే మరో ఆట.

ఇప్పుడు ఇందులో వింతేమీ తోచదు. అప్పట్లో మాత్రం ఇంట్లో ఆడుకునే వీడియో గేమ్ అంటే కొన్ననాడు అందులో ఏ ఆటలున్నాయో చివరిదాకా అవే. అటారీ సంస్థ 1975లో ఇళ్లకు తెచ్చిన 'పాంగ్' యంత్రం పాంగ్ తప్ప మరేదీ ఆడించలేదు. 1972లో వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీకి మార్చుకునే కార్డులు ఉండేవి గాని, వాటిలో ఆట ఉండేది కాదు. యంత్రం లోపలి తీగల కలయికను మార్చడమే వాటి పని. విసుగు పుట్టాక యంత్రం అటక మీదకు చేరేది.

ఆ పరిస్థితిని మార్చిన బృందానికి సారథి జెరాల్డ్ ఆండర్సన్ లాసన్. అందరూ జెర్రీ అనేవారు. ఆరున్నర అడుగుల ఎత్తు, భారీ విగ్రహం, డిగ్రీ పూర్తి చేయని ఇంజినీరు, పైగా సిలికాన్ వ్యాలీలో నల్లజాతివారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే ఉన్న కాలంలో నల్లజాతీయుడు. వృత్తిరీత్యా ఆయన పేరు మాత్రమే తెలిసినవారు ముఖాముఖి కలిసినప్పుడు ఆశ్చర్యపోయిన సందర్భాలు ఆయన జీవితంలో చాలానే ఉన్నాయి.

కిటికీలోంచి వేలాడిన యాంటెన్నా

లాసన్ 1940 డిసెంబరు 1న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జన్మించారు. క్వీన్స్ ప్రాంతంలో ప్రభుత్వం కట్టించిన ఇళ్ల సముదాయంలో పెరిగారు. తాత భౌతికశాస్త్రం చదివినా, నల్లజాతివారికి ఆ రంగంలో చోటు దొరకని రోజులు కావడంతో తపాలా ఉద్యోగంలో స్థిరపడ్డారు. తండ్రి రేవులో సరుకులు దించే కార్మికుడు, విజ్ఞానశాస్త్ర పుస్తకాలంటే ప్రాణం పెట్టే చదువరి. తల్లి నగర పాలక సంస్థలో ఉద్యోగం చేసేవారు. కొడుకును ఏ బడిలో చేర్చాలో నిర్ణయించే ముందు ఆమె స్వయంగా వెళ్లి ఉపాధ్యాయులను ప్రశ్నించేవారు. జవాబులు నచ్చకపోతే మరో బడి చూసేవారు. తర్వాత ఆ బడి తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలు కూడా అయ్యారు.

ఒకటో తరగతిలో లాసన్ కూర్చునే చోట ఉపాధ్యాయురాలు ఒక చిత్రపటం తగిలించారు. బానిస కుటుంబంలో పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్తగా పేరు పొందిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చిత్రమది. నువ్వూ ఇలా కావచ్చునని ఆమె చెప్పిన తీరు తన మీద చెరగని ముద్ర వేసిందని పెద్దయ్యాక లాసన్ పలు సందర్భాల్లో గుర్తు చేసుకున్నారు.

పదమూడో ఏటికే ఆయన హామ్ రేడియో లైసెన్సు సంపాదించారు. ఇంటి గదిలోనే ప్రసార కేంద్రం కట్టుకుని, యాంటెన్నాను కిటికీలోంచి బయటికి వేలాడదీశారు. విడిభాగాలు కొనడానికి డబ్బు కావాలి. అందుకు టీవీల మరమ్మతు నేర్చుకుని, ఇల్లిల్లూ తిరిగి బాగుచేశారు. క్వీన్స్ కాలేజీలోను, న్యూయార్క్ సిటీ కాలేజీలోను చదివినా పట్టా పుచ్చుకోలేదు. ఆ తరువాతి పదేళ్లూ గ్రమ్మన్ విమాన సంస్థతో సహా పలు చోట్ల ఉద్యోగాల్లో గడిచాయి. ఇంజినీరుగా ఆయన చదువు ప్రధానంగా టంకం వేసే చేతులతోనే సాగింది.

గరాజ్‌లో పుట్టిన మొదటి ఆట

1970లో ఆయన ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థలో చేరారు. సిలికాన్ వ్యాలీకి పునాది వేసిన సంస్థల్లో అది ఒకటి. ఇంటెల్‌ను స్థాపించిన రాబర్ట్ నోయిస్, గోర్డన్ మూర్ అంతకు రెండేళ్ల ముందు అక్కడి నుంచే బయటికి వెళ్లారు. సంస్థ చిప్పులు కొనే వినియోగదారులకు వాటిని ఎలా వాడుకోవాలో చూపించడం లాసన్ పని. ఆ పనికి సాంకేతిక జ్ఞానంతోపాటు ఎదుటివారి అవసరం కనిపెట్టే నేర్పు కూడా ఉండాలి. రెండూ ఆయనకు ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఫెయిర్‌చైల్డ్ తయారుచేసిన 'ఎఫ్8' మైక్రోప్రాసెసర్‌తో లాసన్ తన గరాజ్‌లో 'డిమాలిషన్ డెర్బీ' అనే నాణెం వేసి ఆడే ఆటను నిర్మించారు. క్యాంప్‌బెల్ పట్టణంలోని ఒక పిజ్జా దుకాణంలో దాన్ని ఉంచారు. మైక్రోప్రాసెసర్‌తో నడిచిన తొలితరం ఆర్కేడ్ ఆటల్లో అది ఒకటి. స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్ వంటివారు తిరుగాడిన హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్‌కు కూడా ఆయన వెళ్లేవారు. అక్కడ నల్లజాతి సభ్యులు ఇద్దరే ఉండేవారు, ఆ ఇద్దరిలో ఆయన ఒకరు. ఒకసారి ఫెయిర్‌చైల్డ్‌లో ఉద్యోగం కోసం వచ్చిన వోజ్నియాక్‌ను ఇంటర్వ్యూ చేసి, తీసుకోలేదు. ఎందరికో సరదా కథగా మిగిలిన ఈ సంగతి లాసన్‌కు మాత్రం పెద్ద విశేషంగా తోచలేదు.

గరాజ్‌లో ఆట తయారవుతున్నట్లు సంస్థ పెద్దల చెవిన పడింది. ఫెయిర్‌చైల్డ్ తరఫున వీడియో గేమ్‌ల విభాగం నడపవలసిందిగా వారు ఆయన్ను అడిగారు. మొదట్లో ఆ పని సంస్థలోనే చాలామందికి తెలియకుండా గుట్టుగా సాగింది.

ఆలోచన ఎవరిది? పని ఎవరిది?

లాసన్‌ను 'వీడియో గేమ్ కార్ట్రిజ్ పితామహుడు' అని పిలవడం ఇప్పుడు పరిపాటి అయింది. ఆ బిరుదులో సత్యం ఉంది, కానీ పూర్తి సత్యం లేదు. ఆటను వేరే బోర్డులో ఉంచి యంత్రానికి తగిలించాలన్న ఆలోచన కనెక్టికట్ రాష్ట్రంలోని ఆల్పెక్స్ అనే చిన్న సంస్థలో పుట్టింది. వాలెస్ కిర్ష్నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇంటెల్ 8080 ప్రాసెసర్‌తో ఒక నమూనా నిర్మించారు. పేటెంటు కూడా వారిదే. తరువాతి కాలంలో ఆ పేటెంటు ఆధారంగానే ఆల్పెక్స్ నింటెండో మీద దావా వేసింది. జ్యూరీ భారీ పరిహారం ప్రకటించినా 1996లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఆల్పెక్స్ నమూనాను పరిశీలించి ఫెయిర్‌చైల్డ్ లైసెన్సు తీసుకుంది. అయితే అది ప్రయోగశాల వస్తువు. బోర్డులు బయటికి కనిపిస్తూ ఉండేవి, ఆడటానికి కీబోర్డు నొక్కాలి. దాన్ని ఇంటి హాల్లో, పిల్లల మధ్య, తివాచీ మీద బతికే వస్తువుగా మార్చడం లాసన్ బృందం వంతైంది. యాంత్రిక భాగాలను రాన్ స్మిత్ చూశారు. నిక్ టేల్స్‌ఫోర్ బయటి రూపాన్ని తీర్చిదిద్దారు. 8080 స్థానంలో ఎఫ్8ను తెచ్చి, కీబోర్డును తీసేసి, చేతిలో ఇమిడే కంట్రోలర్‌ను రూపొందించే పనికి లాసన్ నాయకత్వం వహించారు.

ఈ రెండో పనిని చరిత్ర చులకన చేస్తుంటుంది. నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. చిప్పును ఒకసారి సాకెట్‌లో గుచ్చి వదిలేయడం అప్పటికి ఇంజినీర్లకు తెలిసిన విద్య. ఒక కుటుంబం దాన్ని వందలసార్లు తీసి పెడుతుందనుకుంటే లెక్క మారిపోతుంది. లోహపు అంచులు రాపిడికి అరిగిపోకూడదు. తివాచీ మీద నడిచి వచ్చిన బాలుడి వేలి కొసనుండే స్థిరవిద్యుత్తు చిప్పును కాల్చేయకూడదు. యంత్రం నడుస్తుండగా లాగేసినా ఏమీ కాకూడదు. తప్పుగా తిప్పి పెట్టే అవకాశమే ఉండకూడదు. ఇన్ని జాగ్రత్తలూ ఆ పసుపు డబ్బీ లోపలే ఉన్నాయి. మన చేతికి తగిలేది మాత్రం నున్నని ప్లాస్టిక్కే.

ప్రభుత్వ నిబంధనలు మరో చిక్కు. టీవీ తరంగాలకు అడ్డం వచ్చే పరికరాల పట్ల అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కఠినంగా ఉండేది. యంత్రంలోని బోర్డుకు లోహపు కవచం తొడగాల్సి వచ్చింది. కార్ట్రిజ్ దూరే చోటును కూడా లోహంతో కప్పారు. తయారైన ప్రతి కార్ట్రిజ్‌నూ పరీక్షకు పంపవలసి వచ్చింది. తన తరువాత వచ్చిన పోటీదారులకు ఇంత కష్టం ఎదురుకాలేదని లాసన్ ఒకింత చేదుగానే తలుచుకునేవారు.

యంత్రం 169.95 డాలర్లకు, ఒక్కో 'వీడియోకార్ట్' 19.95 డాలర్లకు అమ్మకానికి వచ్చాయి. మొదట దాని పేరు వీడియో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, తర్వాత 'ఛానెల్ ఎఫ్' అయింది. ఆటను మధ్యలో నిలిపి, లేచి వెళ్లి, తిరిగి వచ్చి కొనసాగించుకునే 'హోల్డ్' మీట దానిలో ఉంది. నేడు ప్రతి ఆటలో కనిపించే పాజ్‌కు అదే పూర్వరూపం. లేబుళ్ల మీద చిత్రకారుడు టామ్ కమిఫూజి గీసిన ఇంద్రధనుస్సు రంగుల బొమ్మలుండేవి. తెర మీద కనిపించేది నాలుగు చదరపు గడులు, రెండు గీతలు. మిగతాదంతా ఆడేవారు ఊహించుకోవాలి. ఆ ఊహకు దారి చూపింది లేబులే.

ఓడిన యంత్రం, గెలిచిన ఆలోచన

ఏడాది తిరగకముందే, 1977 సెప్టెంబరులో అటారీ తన వీడియో కంప్యూటర్ సిస్టమ్‌ను విడుదల చేసింది. తర్వాత 'అటారీ 2600'గా ప్రసిద్ధికెక్కిన యంత్రమది. ఫెయిర్‌చైల్డ్ ముందడుగు వేసిందన్న కలవరమే అటారీని తొందరపెట్టింది. దానికి వార్నర్ సంస్థ డబ్బు తోడైంది. చిప్పులు అమ్మి బతికే ఫెయిర్‌చైల్డ్‌కు బొమ్మల వ్యాపారం మీద ఓపిక లేకపోయింది. ఛానెల్ ఎఫ్ సుమారు 2.5 లక్షలు అమ్ముడుపోయినట్లు అంచనా. అటారీ 2600 తన జీవితకాలంలో 3 కోట్ల మేర అమ్ముడైంది. 1979లో ఫెయిర్‌చైల్డ్ ఆ వ్యాపారాన్ని జిర్కాన్ అనే సంస్థకు అప్పగించింది.

లాసన్ పేరు మరుగున పడటానికి ఇదే ప్రధాన కారణం. జాతి వివక్ష పాత్ర లేదనలేం. కానీ ఓడిన యంత్రపు ఇంజినీర్లను, ఏ రంగు వారైనా, పరిశ్రమ గుర్తుంచుకోదు.

ఆలోచన మాత్రం ఓడలేదు. ఆట యంత్రం నుంచి వేరుపడ్డాక, ఆటను తయారుచేసేవారు యంత్రాన్ని తయారుచేసేవారే కానక్కర్లేదని తేలింది. 1979లో అటారీ నుంచి బయటికి వచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ స్థాపించి, అటారీ యంత్రానికే కార్ట్రిజ్‌లు చేసి అమ్మారు. మరుసటి ఏడాది లాసన్ కూడా ఫెయిర్‌చైల్డ్‌ను వదిలి 'వీడియోసాఫ్ట్' సంస్థ పెట్టారు. నల్లజాతీయుడి యాజమాన్యంలో నడిచిన తొలి వీడియో గేమ్ సంస్థల్లో అది ఒకటి. తనను మార్కెట్‌లో ఓడించిన అటారీ 2600కే ఆయన ఆటలు చేయడానికి పూనుకున్నారు.

కాలం కలిసిరాలేదు. 1983లో అమెరికా వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. అమ్ముడుపోని కార్ట్రిజ్‌లను అటారీ న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది. వీడియోసాఫ్ట్ తయారుచేసిన త్రీడీ ఆటలు నమూనాల దశలోనే ఆగిపోయాయి. సంస్థ స్వయంగా అమ్మిన ఒకే ఒక్క కార్ట్రిజ్‌లో ఆట లేదు. టీవీ రంగులను సరిచేసుకునేందుకు తెర మీద రంగుల పట్టీలు చూపే పరికరమది. టీవీలు బాగుచేసిన కుర్రవాడి చివరి కార్ట్రిజ్ టీవీ మరమ్మతుకే పనికివచ్చింది.

మన ఊళ్లలో 'క్యాసెట్'

ఆ తరువాత జపాన్ నుంచి నింటెండో వచ్చి పరిశ్రమను నిలబెట్టింది. దాని యంత్రానికి చౌక నకళ్లు 1990లలో భారతదేశమంతటా వ్యాపించాయి. తెలుగు పట్టణాల్లో కార్ట్రిజ్ అన్న మాట ఎవరి నోటా వినిపించేది కాదు, అందరికీ అది 'వీడియో గేమ్ క్యాసెట్'. వీధి చివరి దుకాణంలో గంటకింత అని చెల్లించి ఆడేవారు. వేలాది ఆటలున్నాయని లేబుల్ మీద అంకె ఘనంగా ఉండేది. లోపల మాత్రం అవే పది పన్నెండు ఆటలు పేర్లు మార్చుకుని తిరిగి వచ్చేవి. క్యాసెట్ పని చేయకపోతే దాని అంచులోకి గట్టిగా ఊది మళ్లీ పెట్టడం ఆ తరం పిల్లలకు తెలిసిన ఏకైక వైద్యం. నిజానికి ఊదడం వల్ల నోటి తేమ తగిలి లోహపు అంచులు పాడవుతాయి. తీసి మళ్లీ పెట్టడం వల్లే స్పర్శ కుదురుతుంది. లాసన్ బృందం ఇరవై ఏళ్ల ముందు తల బద్దలు కొట్టుకున్న సమస్య సరిగ్గా ఇదే.

ఇప్పుడు కార్ట్రిజ్ మళ్లీ చేతిపనిగా మారింది. పాత యంత్రాలను ప్రేమించేవారు దేశదేశాల్లో తమ సొంత ఆటలకు తామే కార్ట్రిజ్‌లు తయారుచేసుకుంటున్నారు. ఛానెల్ ఎఫ్‌కు కూడా దశాబ్దాల తరువాత ఔత్సాహికులు కొత్త ఆటలు రాశారు. కేవలం 64 బైట్ల పని జ్ఞాపకశక్తితో నడిచే యంత్రమది. అందులో ఆటను ఇమిడ్చడం బియ్యపు గింజ మీద అక్షరాలు రాయడం లాంటిది.

పద్ధతి వినడానికి సులువే. ఫ్యాక్టరీలో ముద్రించిన రోమ్ చిప్పులో రాసినది మారదు. అచ్చు ఒకసారి తయారయ్యాక వేల సంఖ్యలో తీయకపోతే గిట్టుబాటు కాదు. అందుచేత ఒకటి రెండు ప్రతులు చేసుకునేవారు చెరిపి తిరిగి రాయగల ఈప్రోమ్ చిప్పునో, ఫ్లాష్ చిప్పునో ఎంచుకుంటారు. చిన్న ప్రోగ్రామర్ పరికరంతో అందులోకి ఆటను ఎక్కించి, బోర్డు మీద టంకం వేస్తారు. పాత డబ్బీ దొరికితే సరి, దొరకకపోతే త్రీడీ ప్రింటర్‌లో కొత్తది అచ్చు తీస్తారు. ఇక్కడ కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా డబ్బీ స్లాటులో బిగుసుకుపోతుంది, లేదా వదులై స్పర్శ తప్పుతుంది.

చివరగా లేబుల్. నిగనిగలాడే వినైల్ కాగితం మీద ముద్రించి, పైన పారదర్శకమైన పొర అంటించి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తారు. ఇది అలంకారమే అనుకుంటారు చూసేవారు. ఈప్రోమ్ చిప్పు నడినెత్తిన మాత్రం మరో చిన్న అతుకు ఉండి తీరాలి. ఆ చిప్పుకు గాజులాంటి చిన్న కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసినదంతా చెరిగిపోతుంది. కిటికీని కప్పకుండా వదిలేస్తే, ఏళ్ల తరబడి వెలుతురు తగిలి ఆట మెల్లగా మాయమవుతుంది.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

వీడియోసాఫ్ట్ మూతపడ్డాక లాసన్ సలహాదారుగా పనిచేశారు. గాయకుడు స్టీవీ వండర్‌తో కలిసి, తల్లిదండ్రుల గొంతుతో పిల్లలను నిద్రలేపే గడియారం ఒకటి తలపెట్టారు. అది మార్కెట్‌కు రాలేదు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు మార్గదర్శనం చేశారు. నేడు తెలుగువారికి సుపరిచితమైన శాంటా క్లారాలో నివసించారు. చివరి సంవత్సరాల్లో మధుమేహం ఆయన్ను కుంగదీసింది. ఒక కంటి చూపు, ఒక కాలు పోయాయి. అయినా ఇంట్లో పనిముట్లు, విడిభాగాల మధ్యే గడిపేవారు.

2011 మార్చిలో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన్ను పరిశ్రమ మార్గదర్శకుడిగా సత్కరించింది. కార్ట్రిజ్ అమ్మకానికి వచ్చి అప్పటికి ముప్పై నాలుగేళ్లు దాటాయి. సభలో ఉన్న యువ డెవలపర్లలో చాలామంది ఆయన పేరు విన్నది అదే మొదటిసారి. తరువాత నెల తిరిగిందో లేదో, ఏప్రిల్ 9న లాసన్ మౌంటెన్ వ్యూ ఆసుపత్రిలో మరణించారు. వయసు 70.

మరణానంతరం ఆయన ఖ్యాతి పెరిగింది. 2020లో నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ సిరీస్ ఒకటి ఆయన కథను చెప్పింది. 2021లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నల్లజాతి, ఆదివాసీ విద్యార్థులు గేమ్ రూపకల్పన చదివేందుకు ఆయన పేరిట నిధి ఏర్పడింది. 2022 డిసెంబరు 1న, ఆయన 82వ జయంతి నాడు, గూగుల్ తన మొదటి పుటలో కార్ట్రిజ్‌లు మార్చుకుంటూ ఆడే చిన్న ఆటలను ఉంచింది. వాటిని ముగ్గురు నల్లజాతి కళాకారులు రూపొందించారు. ఆడేవారు ఇష్టముంటే ఆ ఆటలను విప్పి, మార్చి, తమ సొంత ఆటను తయారుచేసుకునే వీలు కూడా అందులో ఉంది.